మామగారి హెరాల్డు కారు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)

 

ఇవాళ నేను కారు గురించి మాట్లాడబోతున్నాను. ఊరగాయల గురించో, పిల్లల చదువుల గురించో చెప్పక ఈవిడకి కారు గొడవెందుకమ్మా అని నవ్వుకుంటారేమో! పోయిన సంక్రాంతి దాకా నేనూ అలాగే అనుకున్నాను. కారంటే మగవాళ్ళ సంగతి, మన పనల్లా అందులో ఎక్కి కూర్చోవడమూ, దిగేటప్పుడు సామాన్లు లెక్కపెట్టుకోవడమూను. కానీ పండక్కి మా అత్తవారింటికి వెళ్ళినప్పుడు మూడు రోజులపాటు ఒక తగువు జరిగింది. అందులో నేనూ తలదూర్చాను. ఆ సంగతే మీతో చెప్పుకుందామని.

మా అత్తవారిది పెనుగొండ. వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి ఊరంటే అందరికీ తెలుసు. పాత పెంకుటిల్లు, పక్కన ధాన్యం కొట్టు, కొట్టుకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో మా మామగారు 1964లో కొన్న స్టాండర్డ్ హెరాల్డు కారు ఉంది. రెండే తలుపులు. కొన్నప్పుడు మీగడ రంగు, ఇప్పుడైతే మాడిన పాల రంగు అనాలి. మామగారు పోయి పదకొండేళ్ళయింది. ఆయన పోవడానికి నాలుగేళ్ళ ముందునుంచే కారు కదలడం మానేసింది. టైర్లు నేలకి కరుచుకుపోయాయి. ఒక ఏడు వెనక సీట్లో పిల్లి ఈనింది కూడాను.

భోగి నాటి సాయంత్రం మా బావగారి అబ్బాయి, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నవాడు, షెడ్డులోంచి ఒళ్ళంతా బూజుతో వచ్చి, "పిన్నీ, తాతయ్య కారు నాకిచ్చేయమని అందరికీ చెప్పవా? పైకప్పు కోయించేసి, మారుతి ఇంజను పెట్టించి, వెడల్పాటి టైర్లు వేయించి, ఎర్రరంగు కొట్టించి, దాన్ని స్పోర్ట్స్ కారు చేసేస్తాను" అన్నాడు. ఫోనులో బొమ్మ కూడా చూపించాడు. చెప్పొద్దూ, బొమ్మ చాలా ముద్దుగా ఉంది.

చెన్నైలో ఉండే మా మరిది అక్కడే ఉన్నాడు. "నట్టు కూడా మార్చడానికి వీల్లేదు. ఒరిజినల్‌గా ఉంటేనే దానికి విలువ" అని లేచాడు. మా వారు, ఎప్పట్లాగే, "అమ్మేస్తే పోలా!" అన్నారు. అక్కణ్ణించి మొదలైంది.

ఇక్కడ ఆ కారు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. లేకపోతే మావాడి ఆశ మీకు అర్థం కాదు. హెరాల్డు కారు పుట్టిల్లు ఇంగ్లండు. 1959లో స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీవారు తీసుకొచ్చారు. దాని రూపం గీసింది మికెలోటీ అనే ఇటలీ ఆయన. మన దేశంలో 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు తయారుచేశారు. అప్పట్లో మన రోడ్ల మీద ముఖ్యంగా కనిపించేవి అంబాసిడరు, ఫియట్, హెరాల్డు, ఈ మూడేగా! మూడింట్లోనూ సొగసైనది ఇదే. ముందరి బానెట్టు రెక్కలతో సహా మొత్తం ముందుకి, పెట్టె మూతలాగా, లేచిపోతుంది. చక్రాల మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. సుమారు 25 అడుగుల వలయంలో గిరుక్కున తిరిగిపోతుంది. మా వీధిలో ఎదురుగా ఎడ్లబండి వస్తే మామగారు ఒక్క తిప్పుతో వెనక్కి మళ్ళించేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇదే కారు చట్రాన్ని కురచ చేసి, దానిమీద ఇద్దరు కూర్చునే, కప్పులేని స్పోర్ట్స్ కారు కట్టారు ఆ కంపెనీవారే. 1962లో వచ్చింది. పేరు స్పిట్‌ఫైర్. రూపం గీసింది ఆ మికెలోటీయే. మావాడు పట్టుకున్న పాయింటు అదే. "ఇవి రెండూ అక్కచెల్లెళ్ళు పిన్నీ! అక్కకి చెల్లెలి వేషం వేస్తున్నాను, అంతేగా" అన్నాడు. ఇంగ్లండులో కూడా ఎన్నో హెరాల్డు కార్ల బాడీలు తీసిపారేసి, ఆ చట్రాల మీద కొత్తరకం బాడీలు బిగించుకున్నారట. వాడు చెప్పింది అబద్ధం కాదు.

నేను వెంటనే మరిది పక్షం చేరిపోయాను. ఎందుచేతనంటే, నా మనసులో ఒక ముల్లుంది.

మా అమ్మ నాకు పెళ్ళిలో పెట్టిన కాసులపేరు ఉండేది. అమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది. కాసు కాసుకీ మధ్య అరిగిపోయిన చిన్న చిన్న కొక్కేలు. పాతకాలపు నగ, ఎవరు పెట్టుకుంటారు ఇప్పుడు అని, ఒక శ్రావణమాసంలో కరిగించేశాను. రెండు గాజులూ ఒక గొలుసూ చేయించుకున్నాను. తరుగు పోయింది, మజూరీ ఇచ్చాను, అది మామూలే. ఇంటికొచ్చి అమ్మకి చూపిస్తే, "బావున్నాయే" అంది. తర్వాత కాసేపటికి, "ఒక్క కాసైనా ఉంచుకోలేకపోయావా?" అంది. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. బంగారం ఎక్కడికీ పోలేదు, నా చేతికే ఉంది. కానీ గాజుల్ని కరిగిస్తే కాసులపేరు రాదు కదండీ! ఏ కంసాలిని అడిగినా అలాంటి నగ చేసి పెడతాడు. అమ్మమ్మ మెడలో అరిగిన కొక్కెం ఎవరు చేసి పెడతారు?

అందుకని, "ఒరేయ్, గ్యాసు కటింగు మనిషిని పిలిచేముందు ఎవరైనా పాత మేస్త్రిని పిలిచి చూపించు" అన్నాను. తణుకు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. హెరాల్డులు వచ్చిన కొత్తలో చిన్న కుర్రాడిగా స్పానర్లు అందించాడట. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, కప్పు అంచు కింద వేలు పెట్టి తడిమి, "దీన్ని కోయడమెందుకండీ? బోల్టులు విప్పితే ఊడొచ్చేస్తుంది కదండీ" అన్నాడు.

అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. నిజమేనండీ. హెరాల్డు బాడీ అంతా ఒకే డొక్కు కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో వాళ్ళకి బాడీలు చేసిపెట్టే కంపెనీ పోటీదారుల చేతుల్లోకి పోయిందట. దాంతో వీళ్ళు గట్టి చట్రం ఒకటి విడిగా చేసుకుని, దానిమీద ముందు భాగం, వెనక భాగం, కప్పు వేటికవే తయారుచేయించి బోల్టులతో కలిపారు. మన టిఫిను క్యారియరు గిన్నెల్లాగా అనుకోండి. అందుకే అదే కారు కప్పున్న రకంగానూ, కప్పులేని రకంగానూ అమ్మగలిగారు. మావాడు యాభైవేలు పెట్టి కోయిద్దామనుకున్న కప్పుకి, విప్పడానికి స్పానరు చాలు.

"అయితే విప్పేద్దాం! దాచుకుందాం, కావలసినప్పుడు బిగించుకోవచ్చు" అని వాడు గంతులేశాడు. నాకూ సబబుగానే తోచింది. మళ్ళీ బిగించగలిగినప్పుడు అది కరిగించడం కాదు, కాసులపేరు బీరువాలో పెట్టి వేరే గొలుసు వేసుకోవడమే గదా! కాసేపు నేను పక్షం మార్చాను కూడా.

కానీ మరిది చట్టం తీశాడు. మోటారు వాహనాల చట్టం, 1988, అందులో 52వ సెక్షను. కంపెనీవాళ్ళు చేసినప్పటి వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అందులో ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. రంగు మార్చుకోవడం, చిన్నచిన్న అమరికలు చేసుకోవడం వేరు. బాడీ ఆకారం మార్చి రోడ్డెక్కడం వేరు. మా కారు కాగితాల్లో కప్పున్న కారనే రాసి ఉంది. కప్పు తీసి తిప్పితే అది వేరే కారు కిందే లెక్క. ఇంజను సంగతి సరేసరి. ఎక్కడిదో ఇంజను తెచ్చి పెట్టేసి ఊరుకోవడానికి లేదు, అనుమతి కావాలి, కాగితాల్లో ఎక్కాలి.

తణుకు మేస్త్రి ఇంకొక మాట చెప్పాడు, నాకు చట్టం కంటే అదే ఎక్కువ భయమేసింది. ఈ కారుకి వెనక చక్రాలు దేనికది విడిగా ఊగుతాయి. మలుపులో వేగంగా తిప్పి, భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే, వెనక చక్రం లోపలికి ముడుచుకుని బండి గిరగిరా తిరిగే ప్రమాదం ఉంది. 948 సి.సి. ఇంజనుకి, ఆనాటి డ్రమ్ము బ్రేకులకి, ఆ వేగానికి లెక్క కట్టి చేసిన బండి అది. "గుండె మార్చేసి కాళ్ళు అవే ఉంచితే ఎలాగండీ?" అన్నాడాయన. కుర్రాడి తల్లి, మా తోడికోడలు, అప్పటిదాకా కొడుకు పక్షం. ఆ మాటతో ఠక్కున ఇవతలికి వచ్చేసింది.

ఇక మరిది గెలిచినట్టే అనుకున్నాం. మీసం మెలేయడం ఒక్కటే తక్కువ. "యాభై ఏళ్ళు దాటిన కార్లకి 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నిబంధనలు పెట్టింది. వింటేజి రిజిస్ట్రేషను అంటారు. అసలు రూపంలోనే ఉండాలి, చట్రం, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. పాత నంబరే ఉంచుకోవచ్చు. మనది 1964ది, అచ్చంగా సరిపోతుంది" అని పాఠం చెప్పాడు.

అది నిజమే. అయితే ఆ నిబంధనలోనే ఇంకో మాట ఉంది, అది మాత్రం మెల్లిగా చెప్పాడు. అలా రాయించుకున్న బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకీ, పాత కార్ల ర్యాలీలకీ, మరమ్మతులకీ, పెట్రోలు పోయించుకోవడానికీ మాత్రమే తీసుకెళ్ళాలి. అంటే పట్టుచీర కొనుక్కుని బీరువాకి కట్టినట్టు.

ఇంతకీ ఒరిజినల్ అంటే ఏమిటి? నాకు అక్కడే చిక్కొచ్చింది. మేస్త్రిని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి అడిగాను. ఆయన చెప్పినకొద్దీ మరిది మొహం చిన్నబోయింది.

పెట్రోలే తీసుకోండి. ఈ కారు పుట్టినప్పుడు పెట్రోల్లో సీసం కలిపేవారు. ఇంజను లోపలి వాల్వులు కూర్చునే చోటు అరిగిపోకుండా ఆ సీసమే కాపాడేది. పిల్లల ఆరోగ్యానికి చేటని 2000 సంవత్సరం ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం పెట్రోలు ఆపేశారు, మంచిపనే చేశారు. కానీ ఈ పాత ఇంజను తలకి గట్టి ఉక్కు రింగులు వేయిస్తే గాని కొత్త పెట్రోలు ఎక్కువకాలం ఓర్చుకోదు. ఇప్పుడేమో బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాలు. అది పాతకాలపు రబ్బరు గొట్టాలని మెత్తబరిచి తినేస్తుంది. గొట్టాలు ఒరిజినల్‌వే ఉండాలని పట్టుబడితే ఒకరోజు నడివీధిలో కారు తగలబడుతుంది. టైర్లు సరేసరి. అరవై ఏళ్ళనాటి టైరు ఒరిజినలే కావచ్చు, దానిమీద మనుషుల్ని ఎక్కించడం పాపం.

పైగా మరిది ఒరిజినల్ అంటున్న కప్పు మాత్రం పుట్టినప్పటి కప్పా? 1996 నవంబరు తుపానులో, మన కోనసీమనీ ఇటు పశ్చిమ గోదావరినీ ఊడ్చిపెట్టేసిన తుపాను, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఆ రాత్రి మా పెరట్లో కొబ్బరిచెట్టు షెడ్డు మీద విరుచుకుపడింది. కప్పు చిప్పలా లోపలికి సొట్టపోయింది. టింకరింగు చేసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టారు. ఇప్పటికీ కొట్టి చూస్తే అక్కడ డొల్ల శబ్దం రాదు, మట్టికుండ శబ్దం వస్తుంది.

ఈ ప్రశ్న లండనులో కోర్టుకే ఎక్కింది. బెంట్లీ కంపెనీవారి స్పీడ్ సిక్స్ పందెం కారు ఒకటి, "ఓల్డ్ నంబర్ వన్" అని పేరు. ఫ్రాన్సులో లె మాన్ అనే చోట జరిగే 24 గంటల పందెం 1929లోనూ, 1930లోనూ అదే గెలిచింది. తర్వాత ఇంజను మార్చారు, చట్రం మార్చారు. 1932లో బ్రూక్‌ల్యాండ్స్ పందెంలో ప్రమాదమై, నడిపే ఆయన పాపం చనిపోయాడు. ఆ మిగిలినదాన్ని మళ్ళీ కట్టి, కప్పున్న కారు చేశారు. 1990లో దాన్ని కోటి పౌండ్లకి బేరమాడిన వాళ్ళు, అందులో 1929 నాటి ముక్క ఏదీ లేదు పొమ్మని అడ్డం తిరిగారు. జడ్జిగారు తీర్పు చెప్పారు. ఈ కారు మధ్యలో మాయమైపోయి మళ్ళీ పుట్టింది కాదు, ఎప్పటికప్పుడు మారుతూ, అదే కారుగా బతుకుతూ వచ్చింది, అందుచేత ఇది ఓల్డ్ నంబర్ వన్నే అని. కొన్నవాళ్ళు డబ్బు కట్టాల్సిందే.

ఆ తీర్పు విన్నప్పుడు నాకు మా అమ్మమ్మ రోకలి గుర్తొచ్చింది. పొన్ను రెండుసార్లు మార్చారు, కర్ర మూడుసార్లు మార్చారు. అయినా అది అమ్మమ్మ రోకలే, దాంతోనే కారాలు కొట్టేవాళ్ళం. గుళ్ళో జీర్ణోద్ధరణ చేసేటప్పుడు కూడా అంతేగా! బాలాలయం కట్టి, స్వామిని అందులోకి వేంచేపు చేసి, గోడలు కట్టి, శిఖరం కట్టి, మళ్ళీ తెస్తారు. గోడ కొత్తదని ఎవరూ దండం పెట్టడం మానరు. అలాగని జీర్ణోద్ధరణ పేరు చెప్పి గుడిని కల్యాణమండపం చేస్తే ఊరుకుంటామా?

మార్చడం మీద నాకేమీ ద్వేషం లేదు సుమా! హైదరాబాదులో జూ పార్కు దగ్గర సుధాకర్ గారి కార్ల మ్యూజియం ఉంది. 2010లో తెరిచారు. వంకాయ ఆకారంలో కారు, క్రికెట్ బ్యాటు కారు, చెప్పు కారు, ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు కారు! అన్నీ నడుస్తాయి. పాత సామానుతో ఆయన చేతుల మీద కట్టినవి. మా మనవరాలు వంకాయ కారు దగ్గర్నుంచి గంటసేపు కదల్లేదు. అదే ఊళ్ళో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ కోసం తెప్పించిన 1911 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు ఉంది. పసుపుపచ్చ రంగు, లోపల సింహాసనంలాంటి సీటు. బాగుచేయించి చూడ్డానికి పెట్టారు. దాన్ని వంకాయ చేస్తే తప్పు. తుక్కు సామానుని వంకాయ చేస్తే ముచ్చట. మా హెరాల్డు ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంది. నిజాముగారి కారు కాదు, తుక్కూ కాదు.

ఇలా మేము ముక్కనుమ దాకా వాదించుకుంటూంటే, ఒక్క మనిషిని మాత్రం ఎవరం అడగలేదు. మా అత్తగారు. ఎనభై ఆరేళ్ళు. మంచం మీద కూర్చుని కూర తరుగుతూ అంతా వింటున్నారు. నాకే సిగ్గేసి, "అత్తయ్యా, మీరేమంటారు?" అని అడిగాను. కప్పు వద్దంటారేమో, ఆయన జ్ఞాపకం అలాగే ఉంచమని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారేమో అని నా ఊహ.

ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి, "ఒరిజినల్ ఒరిజినల్ అని మూడు రోజుల్నుంచి వింటున్నాను. ఆ కారులో ముందు సీట్లో నేనెప్పుడైనా కూర్చున్నానా, తెలుసా మీకు?" అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు.

"ముందు ఆయన. పక్కన గుమాస్తాగారో, ఎవరో పెద్దమనిషో. రెండే తలుపులాయె! ముందు సీటు వంచితే, చంకలో పిల్లాడు, చేతిలో కుచ్చిళ్ళు, తల వంచుకుని, దూరాలి వెనక్కి. దిగేటప్పుడు ముందువాళ్ళు దిగి సీటు వంచితేగాని నేను దిగడానికి లేదు. వీడు" అని మా మరిదిని చూపించి, "కడుపులో ఉండగా నొప్పులతో తణుకు తీసుకెళ్ళారు. అప్పుడూ అలాగే ఎక్కాను. నాలుగు తలుపులది వచ్చిందిట, ఇది మార్చేసి అది తెండి అని అడిగాను. ఇది లక్షణంగా నడుస్తూంటే ఎందుకు అన్నారు."

మద్రాసు కంపెనీవారు తర్వాత నిజంగానే నాలుగు తలుపుల హెరాల్డు చేశారండీ. ఇంగ్లండులో ఎన్నడూ లేనిది, ఒక్క మన దేశంలోనే. 1972లో గజెల్ అని ఇంకొకటి తెచ్చారు, దానికి వెనక చక్రాల ఊగులాట కూడా తీసేశారు. అంటే ఇంగ్లీషువాళ్ళ ఒరిజినల్‌ని కంపెనీవాళ్ళే మన ఇళ్ళ అవసరానికి మార్చారన్నమాట. పుస్తకాల్లో ఆ రెండు తలుపుల కారునే "స్పోర్టీ" అని మెచ్చుకుంటారు. అందులో వెనక కూర్చున్న ఆడమనిషిని ఎవరడిగారు?

మావాడికి ఉత్సాహం వచ్చింది. "అయితే మామ్మా, మార్చేయనా? తలుపులు, సీట్లు, అన్నీ?"

"వద్దు" అన్నారు అత్తగారు. "ఆ సీటు మాత్రం మార్చకు. అలాగే వంగాలి. రేపు నీకు పెళ్ళాం వస్తే ఒక్కసారి వెనక ఎక్కి చూడాలి, మామ్మ ఎలా ఎక్కిందో. కప్పు తీస్తే ఎండెక్కుతుంది, తీయకు. మిగతావి నడవడానికి ఏం కావాలో అవి చేసుకోండి. పడుకోబెట్టి పూజ చేయడానికైతే నాకు దేవుడిగది ఉంది."

అంతటితో తగువు తీరింది. కారు కుర్రాడికి ఇచ్చారు, రెండు షరతులు పెట్టి. కోత లేదు, అమ్మకం లేదు. మా వారు "నేను ముందే చెప్పాను" అన్నారు. ఏం చెప్పారో ఇప్పటికీ తెలీదు.

తణుకు మేస్త్రి ఆధ్వర్యంలో ఎనిమిది నెలలు పట్టింది. ఉన్న ఇంజనునే విప్పి బోరు చేయించారు, వాల్వు సీట్లకి ఉక్కు రింగులు వేయించారు. పెట్రోలు గొట్టాలు, బ్రేకు రబ్బర్లు అన్నీ కొత్తవి. రంగు ఎరుపు కావాలని వాడు చివరిదాకా గొణిగాడు. మీగడ రంగే వేయించాం. కప్పు సొట్ట దగ్గర పుట్టీ గీకేసి రేకు సరిచేద్దామని మరిది అంటే, మేస్త్రి, "తుపాను గుర్తు, ఉండనీయండి" అన్నాడు. ఉంచేశాం. వింటేజి రిజిస్ట్రేషను వద్దనుకుని, ఫిట్‌నెస్ చూపించి మామూలు రిజిస్ట్రేషనే రెన్యూ చేయించుకున్నారు, అప్పుడప్పుడూ తిప్పుకోవచ్చని.

ఒక్క విషయంలో మాత్రం నేను మొండికేశాను. ఆ కారుకి సీటు బెల్టులు లేవు. బిగించాలంటే చిల్లులు పెట్టాలి. మరిది ససేమిరా అన్నాడు. "నీ ఒరిజినల్ సంగతి నాకనవసరం, పిల్లలు ఎక్కుతారు" అని నేనే దగ్గరుండి చిల్లులు పెట్టించాను. ఇప్పటికీ ఫోనులో దెప్పుతూ ఉంటాడు.

దానికి ప్రాయశ్చిత్తంగా పద్దు పుస్తకం బాధ్యత నేను తీసుకున్నాను. పాల పద్దూ చాకలి పద్దూ రాసిన చెయ్యే కదా! ఏ రోజు ఏం విప్పారు, ఏం కొత్తది వేశారు, ఎంతయింది, తీసిన పాతది ఎక్కడ పెట్టాం, అన్నీ రాశాను. పాత వాల్వులు, అరిగిన బోల్టులు, పిల్లి ఈనిన సీటు గుడ్డ ముక్కతో సహా, చీటీ కట్టి ఒక పాత ట్రంకుపెట్టెలో వేసి ధాన్యం కొట్టులో పెట్టాను. మీ ఇళ్ళల్లో కూడా పాత కుట్టుమిషనో, వీణో, గ్రామఫోనో బాగుచేయిస్తూంటే ఈ పని మాత్రం చేయండి. పాత ముక్క పారేయకండి. మేస్త్రులు "ఇదెందుకమ్మా తుక్కు" అని తీసుకుపోతారు. పోనివ్వకండి.

మొన్న కార్తీకమాసంలో ఒక సోమవారం తెల్లవారుజామున సిద్ధాంతం రేవుకి గోదావరి స్నానానికి బయల్దేరాం. కుర్రాడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. అత్తగారు గుమ్మంలోంచి దిగి, అలవాటు కొద్దీ కారు పక్కన నిలబడి, ఎవరైనా సీటు వంచుతారని చూస్తున్నారు. "మామ్మా, ముందు కూర్చో" అన్నాడు వాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, తలమీద కొంగు సర్దుకుని, కూర్చున్నారు. బెల్టు పెట్టించుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇదేం తాడురా అన్నారు. బలవంతాన పెట్టాం.

అంతకుముందే సీటు వంచి, చేతిలో దీపాల సజ్జ, కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, తల వంచుకుని నేను వెనక్కి ఎక్కాను. మోకాలు తలుపు చట్రానికి కొట్టుకుంది. ఇంకా నొప్పిగానే ఉంది.